కారులో కంపెనీ రేడియో మొరాయిస్తోందా? మార్చే ముందు ఇలా విప్పి చూడండి

మా కారు 2012 మోడల్. రెండేళ్ల కిందట దాని రేడియోకి ఒక జబ్బు పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే పాట టక్కున ఆగిపోయేది, ఇంకో గతుకు తగిలితే దానంతట అదే వచ్చేది, ఎండాకాలం మధ్యాహ్నాలైతే పూర్తిగా మూగపోయి సాయంత్రం చల్లబడ్డాక పలికేది. యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు రెండుసార్లు బటన్ నొక్కి చూసి, "బోర్డు పోయిందన్నా, దీనికి రిపేరుండదు, ఆండ్రాయిడ్ స్క్రీన్ వేసేద్దాం" అన్నాడు. సెట్టు బయటికి తీయలేదు, మల్టీమీటరు పెట్టలేదు, కనీసం ఫ్యూజ్ కూడా చూడలేదు. ఆ ఆదివారం ఇంట్లో నేనే విప్పాను. వెనక వైర్లు తగిలించే కప్లర్ కాళ్లు బోర్డుకి అతికే చోట ఒకే ఒక్క సోల్డర్ అతుకు పగిలి ఉంది. మళ్లీ అతికాను. ఇప్పటిదాకా పాడుతూనే ఉంది.

అప్పటినుంచి చుట్టాలవీ స్నేహితులవీ చాలా సెట్లు విప్పాను. నేను గమనించింది ఒక్కటే: "బోర్డు పోయింది" అని చెప్పిన వాటిలో ఎక్కువ భాగం బోర్డు పోయినవి కావు. కరెంటు అందక, ఎర్త్ (కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లే దారి) సరిగ్గా లేక, యాంటెన్నా తెగి, సోల్డర్ పగిలి ఆగినవి. ఇవన్నీ ఇంట్లో చూసుకోగలిగినవే. పైగా కంపెనీ సెట్టు తీసేస్తే పోయేది రేడియో ఒక్కటే కాదు. కొన్ని కార్లలో స్టీరింగ్ బటన్లు, రివర్స్ సెన్సార్ బీప్, గడియారం అన్నీ ఆ సెట్టుతోనే ముడిపడి ఉంటాయి. కొత్త సెట్టు పెట్టేవాళ్లు తొందరలో కంపెనీ కప్లర్ కత్తిరించి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తే, ఆ తరువాత మీరు పాతది మళ్లీ పెట్టాలన్నా కుదరదు. ఎవరు ఏం చెప్పినా సరే, ఆ కప్లర్ మాత్రం కోయనివ్వకండి.

ముందు జబ్బు ఏమిటో సరిగ్గా చూడండి

విప్పే ముందు ఒక రోజు కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు ఆగుతోంది, ఏది ఆగుతోంది. ఇది చాదస్తంలా అనిపించొచ్చు కానీ సగం పని ఇక్కడే అయిపోతుంది.

అసలు లైటే వెలగకపోతే అది కరెంటు సంగతి. పాటలు బాగానే వస్తూ, కారు ఆపిన ప్రతిసారీ స్టేషన్లు, టైమ్ చెరిగిపోతుంటే ఎప్పుడూ ఉండాల్సిన కరెంటు సెట్టుకి అందట్లేదు. యూఎస్‌బీలో పాటలు శుభ్రంగా వస్తూ ఎఫ్‌ఎంలో మాత్రం గరగర వస్తుంటే సెట్టుని అనుమానించకండి, యాంటెన్నా వైపు చూడండి. డిస్‌ప్లే అంతా మామూలుగా ఉండి నాలుగు స్పీకర్లూ ఒకేసారి మూగపోతే యాంప్లిఫయర్ ఐసీ (స్పీకర్లని పలికించే చిప్) కావచ్చు, లేదా ఏదో ఒక స్పీకర్ వైరు బాడీకి తగులుతుంటే ఐసీ తనను తాను కాపాడుకోవడానికి ఆగి ఉండొచ్చు. గతుకులకి, వేడికి వచ్చి పోతుంటే అది దాదాపుగా డ్రై సోల్డర్, అంటే పగిలి పట్టు వదిలిన అతుకు. సౌండ్ పెంచుతుంటే తగ్గుతోందా, ఒకేసారి ఎగిరి దూకుతోందా, అప్పుడు వాల్యూమ్ నాబ్.

స్క్రూ డ్రైవర్ పట్టకుండా చేసేవి

ఫోన్ ఛార్జర్, డ్యాష్‌క్యామ్ రెండూ పీకేసి ఎఫ్‌ఎం వినండి. చవక ఛార్జర్లు చేసే గోల ఇంతా అంతా కాదు, హైదరాబాద్‌లో 101.9 లాంటి బలమైన స్టేషన్‌ని కూడా గరగరలాడిస్తాయి. బయట నుంచి వేయించిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఉంటే అవి ఆర్పి కూడా ఒకసారి వినండి.

తరువాత ఫ్యూజులు. సెట్టుకి రెండు దారుల్లో కరెంటు వస్తుంది: ఒకటి కీ తీసేసినా ఉండేది, ఇంకోటి కీ తిప్పితేనే వచ్చేది. కాబట్టి రెండు ఫ్యూజులు చూడాలి. మొదటిది చాలా కార్లలో లోపలి లైటుతో కలిసి ఉంటుంది, అందుకే రేడియో పోయిన రోజే పైన లైటు కూడా వెలగట్లేదేమో గమనించండి. ఫ్యూజ్ బాక్స్ మూత మీద బొమ్మ ఉంటుంది. పోయిన ఫ్యూజ్‌కి అదే నంబరు వేయండి, 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. మళ్లీ మళ్లీ కాలిపోతోందని పెద్ద నంబరు వేయడం, వైరు ముక్క పెట్టడం లాంటివి చేయకండి. డ్యాష్‌బోర్డు వెనక వైర్లు కాలితే కారే అంటుకుంటుంది.

ఎఫ్‌ఎం ఒక్కటే రాకపోతే కారు పైన ఉన్న యాంటెన్నా పుల్ల తిప్పి ఊడదీయండి. అడుగున మర దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్లలో. సన్న గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, గట్టిగా బిగించండి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది.

సెట్టు బయటికి తీయడం

ముందు ఒక హెచ్చరిక. కొన్ని సెట్లకి సీక్రెట్ కోడ్ ఉంటుంది, బ్యాటరీ వైరు తీసి పెట్టగానే కోడ్ కొట్టమంటుంది, పదేపదే తప్పు కొడితే లాక్ అయిపోతుంది. ఓనర్ మాన్యువల్‌తో వచ్చిన కార్డు వెతికి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. కార్డు పోయి ఉంటే, సెట్టు బయటికి తీశాక దాని పైన లేదా పక్కన స్టిక్కర్ మీద ఉండే సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి, దాన్ని, కారు కాగితాల్ని చూపిస్తే కారు కంపెనీ షోరూమ్‌లో కోడ్ తీసిస్తారు.

10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ విప్పండి, పాజిటివ్ కాదు. ఓ పది నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

సెట్టు చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ చాలా కార్లలో క్లిప్పుల మీద నిలబడుతుంది. పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి అంచులో దూర్చి కొద్దికొద్దిగా ఎత్తండి. చలికాలం పొద్దున్నే చేయకండి, ప్లాస్టిక్ బిరుసుగా ఉండి క్లిప్ విరుగుతుంది. కారు కాసేపు ఎండలో ఉంచి తీస్తే మెత్తగా వస్తుంది. ఫ్రేమ్ వెనక ఏసీ బటన్ల, హజార్డ్ లైటు వైర్లుంటాయి, లాగేయకుండా వాటి కప్లర్లు నొక్కి విడదీయండి. లోపల నాలుగు స్క్రూలు, అవి తీస్తే సెట్టు ముందుకి వస్తుంది. యూరప్ తరహా సెట్లయితే ముందువైపు సన్న రంధ్రాలుంటాయి, వాటిలో దూర్చే యు ఆకారం కమ్మీలు అమ్ముతారు. వెనక కప్లర్లు తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ఇది మర్చిపోతే బిగించేటప్పుడు మీకే టెన్షన్.

కప్లర్ దగ్గర కరెంటు కొలవడం

ఇప్పుడు సెట్టు పక్కన పెట్టి, విప్పినవన్నీ ఖాళీగా వేలాడుతూ ఒకదానికొకటి తగలకుండా చూసుకుని, బ్యాటరీ నెగటివ్ మళ్లీ పెట్టండి. మీటరు నల్ల ప్రోబు బాడీ ఇనుముకి పెట్టి, ఎర్రదానితో కప్లర్‌లో ఒక్కొక్క గది చూడండి. కీ లేకుండానే 12.5 వోల్టుల చుట్టుపక్కల ఒక గదిలో రావాలి. కీ ఒక మెట్టు తిప్పితే ఇంకో గదిలో రావాలి. యూరప్ తరహా ఐఎస్‌ఓ కప్లర్‌లో అయితే మామూలుగా 4వ గది ఎప్పుడూ ఉండే కరెంటు, 7వది కీతో వచ్చేది, 8వది ఎర్త్. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి. జపాన్, కొరియా తరహా కార్లకి కప్లరే వేరు, అక్కడ కొలిచి తెలుసుకోవడమే.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. మీటరు 12 వోల్టులు చూపించింది కదా, కరెంటు బాగుంది, సెట్టే పోయింది అనుకుంటారు. తుప్పు పట్టిన కాంటాక్ట్ మీటరుకి 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సెట్టు లాగడం మొదలుపెట్టగానే ఆ వోల్టులు కుప్పకూలిపోతాయి. కాబట్టి 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి హోల్డర్‌తో సహా తెచ్చుకుని, దానికి రెండు వైర్లు తగిలించి, కప్లర్‌లో పాజిటివ్‌కీ, కప్లర్‌లోనే ఉన్న ఎర్త్‌కీ మధ్య పెట్టండి. జిగేల్మని వెలిగితే కరెంటు, ఎర్త్ రెండూ బాగున్నట్టు. గుడ్డిగా వెలిగితే ఎర్త్ వైపు కొసని కప్లర్ నుంచి తీసి బాడీ ఇనుముకి పెట్టండి. అప్పుడు బాగా వెలిగితే తప్పు ఎర్త్‌దే. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు వెతికి, విప్పి, రుద్ది బిగించండి. ఈ బల్బు పారేయకండి, కాసేపట్లో మళ్లీ కావాలి.

యాంటెన్నాని కూడా ఇక్కడే తేల్చేయొచ్చు. ఎఫ్‌ఎం వంద మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 3 మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. మామూలు వైరు ముక్క సరిగ్గా 75 సెంటీమీటర్లు కోసి, కొస గీకి, సెట్టు వెనక యాంటెన్నా సాకెట్ నడిమి రంధ్రంలో దూర్చండి, కప్లర్ తగిలించి రేడియో పెట్టండి. స్టేషన్లు బాగా వస్తే సెట్టు బంగారం, పైనుంచి వచ్చే కేబులో, పుల్ల అడుగున ఉండే చిన్న యాంప్లిఫయరో పోయింది. ఆ చిన్న యాంప్లిఫయర్‌కి సెట్టు నుంచే 12 వోల్టులు వెళ్తాయి, చాలాసార్లు నీలం వైరులో. అది వస్తోందో లేదో చూడకుండా కొత్త యాంటెన్నా కొనకండి.

స్పీకర్లు: కప్లర్ తీసి ఉండగానే ఒక్కో జత మధ్య మీటరు పెడితే 3 నుంచి 4 ఓమ్స్ చూపాలి. ఏ స్పీకర్ వైరైనా బాడీకి కలిసి ఉంటే అదే నాలుగు స్పీకర్లనీ నొక్కేస్తుంది. డోరు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో రోజూ వంగి వంగి వైరు తెగడం మామూలు, ముందు అక్కడే చూడండి.

టేబుల్ మీద సెట్టు

బయట అన్నీ బాగున్నాయంటేనే సెట్టు విప్పాలి. ఇంట్లో నడపడానికి 12 వోల్టుల బ్యాటరీ గానీ, సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల అడాప్టర్ గానీ చాలు, సౌండ్ తక్కువ పెట్టుకుంటే. సెట్టు తాలూకు రెండు పాజిటివ్‌లూ కలిపి ఆ పాజిటివ్‌కి ఇవ్వండి, కానీ నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఆ 21 వాట్ల బల్బు పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, సెట్టు కాలదు. బల్బు లోపల తీగ కొద్దిగా ఎర్రబడి, సెట్టు ఆన్ అయితే షార్ట్ లేదన్నట్టు.

బల్బు నిండుగా వెలిగిందా? ఎవరైనా ఈమధ్య బ్యాటరీ తిరగేసి పెట్టారేమో, జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ఎరుపు నలుపు మారాయేమో గుర్తుతెచ్చుకోండి. అలాంటప్పుడు బోర్డుని కాపాడాలని కరెంటు వచ్చే చోట ఒక డయోడ్ ఉంటుంది, అది తాను షార్ట్ అయి ఫ్యూజ్‌ని కాల్చేస్తుంది. కప్లర్‌కి దగ్గర్లోనే లావుగా కనిపిస్తుంది. సోల్డర్ కరిగించి ఒక కాలు బోర్డు నుంచి ఎత్తి మీటరుతో చూడండి, ప్రోబులు అటూ ఇటూ మార్చినా సున్నానే చూపితే మార్చండి. 3 ఆంపియర్ల డయోడ్, పది రూపాయల సంగతి. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలన్నీ దొరుకుతాయి.

డ్రై సోల్డర్ పట్టుకోవడం

నేను ఎక్కువగా చూసేది, తృప్తిగా బాగుచేసేది ఇదే. పై మూత తీసి, బోర్డు అడుగు భాగం పైకి పెట్టుకుని, పక్కనుంచి టార్చి వేయండి, నెత్తి మీంచి కాదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి మెయిన్ సాకెట్ కాళ్లని ఒక్కొక్కటే చూడండి. మంచి సోల్డర్ కాలు చుట్టూ చిన్న గుట్టలా మెరుస్తూ ఉంటుంది. పగిలినదాని చుట్టూ సన్నటి నల్లటి వలయం కనిపిస్తుంది, తడి ఇసుకలో పుల్ల గుచ్చి అటూ ఇటూ ఊపితే చుట్టూ ఎలా గుంట పడుతుందో అచ్చం అలాగే. కంటికి కనిపించకపోతే సెట్టు ఆన్‌లో ఉంచి అగరబత్తి పుల్లతో ఒక్కో కాలునీ, ఒక్కో పెద్ద భాగాన్నీ మెల్లగా నొక్కుతూ పోండి. ఎక్కడ నొక్కితే పాట వచ్చి పోతుందో అక్కడే. ఎక్కువగా పగిలే చోట్లు: మెయిన్ సాకెట్, యాంటెన్నా సాకెట్, వాల్యూమ్ నాబ్, హీట్ సింక్‌కి (వేడిని లాగే లోహపు దిమ్మకి) బిగించిన వోల్టేజ్ రెగ్యులేటర్, యాంప్లిఫయర్ ఐసీ కాళ్లు. బరువున్నవి, వేడెక్కేవి, చేత్తో లాగేవి.

పవర్ తీసేసి అతకండి. పాత సోల్డర్ మీదే కొత్తది పూసేస్తే కొన్నాళ్లకి మళ్లీ పగులుతుంది. కాస్త ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేలా చేసే పేస్టు) వేసి, వేడిచేసి, సోల్డర్ పంప్‌తో పాతది లాగేసి, 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) కొత్తగా పెట్టండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చిన్న కాళ్లకి చాలు కానీ, ఎర్త్ కాలు బోర్డులోని రాగి అంతటికీ వేడి పంచేస్తుంది, అక్కడ 50 వాట్లది కావాలి. పైగా చాలా బోర్డుల్లో సీసం లేని సోల్డర్ ఉంటుంది, అది 217 డిగ్రీల పైన గానీ కరగదు. కరగట్లేదని గంటసేపు ఐరన్ అదిమితే రాగి పొర లేచిపోతుంది. దానికి ఉపాయం, కొద్దిగా 60/40 సోల్డర్ ముందు దాని మీద కలపడం, అప్పుడు మొత్తం తేలిగ్గా కరిగి పంప్‌కి వస్తుంది. ఐరన్ ముందు కాలుకీ రాగికీ కలిపి ఆనించాలి, తరువాత సోల్డర్ అందించాలి, మూడు సెకన్లలో తీసేయాలి. ఒకటి పగిలి ఉంటే ఆ సాకెట్ కాళ్లన్నీ చేసేయండి. కిటికీ తీసి పనిచేయండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఉంది దాంట్లో.

వాల్యూమ్ నాబ్

ముందు ప్లాస్టిక్ నాబ్ నిటారుగా లాగితే ఊడివస్తుంది. లోపలి కడ్డీ పక్కన కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు దిగేలా కొట్టి, ఇటు అటు ఓ యాభైసార్లు తిప్పండి. కాంటాక్ట్ క్లీనర్ అని అడిగి తీసుకోండి, తుప్పు వదిలించే మామూలు స్ప్రే కొట్టకండి, అది జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టిస్తుంది. ఇలా కొన్నింటికి ఏళ్లు పనిచేస్తుంది, కొన్నింటికి నెల. నెలకే మళ్లీ మొదలైతే ఎన్‌కోడర్ (నాబ్ కింద కడ్డీతో ఉండే భాగం) మార్చడమే మేలు. కొనేముందు పాతదాని మీద మూడు చూసుకోండి: కడ్డీ పొడవు, దాని కొస చదునుగా కోసి ఉందా పళ్లు పళ్లుగా ఉందా, ఒక చుట్టు తిప్పితే ఎన్ని టక్‌లు వస్తున్నాయి. నొక్కితే ఆన్ అయ్యే రకమైతే ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు కాళ్లుంటాయి. టక్‌ల లెక్క తేడా వస్తే ఒక్కసారి తిప్పితే రెండు మెట్లు ఎక్కడం లాంటి చికాకులు వస్తాయి.

యాంప్లిఫయర్ ఐసీ

వెనక హీట్ సింక్‌కి బిగించి, ఒకే వైపు 25 కాళ్లతో ఉంటుంది. టీడీఏ 7388 లాంటి నంబరు మీద రాసి ఉంటుంది. ఇందులో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు, రెండు వైర్ల మీదా బ్యాటరీలో సగం, అంటే సుమారు 6 వోల్టులు ఉంటాయి. ఈ సంగతి తెలియక స్పీకర్ మైనస్‌లన్నీ బాడీకి కలిపేసి ఐసీలు కాల్చినవాళ్లున్నారు. స్పీకర్లు తగిలించకుండా సెట్టు ఆన్ చేసి ఒక్కో జత కొలవండి: ఎర్త్‌కి చూస్తే సుమారు సగం, రెండింటి మధ్య చూస్తే దాదాపు సున్నా రావాలి. రెండింటి మధ్య వోల్టులు కనిపిస్తే ఐసీ పోయింది, దానికి స్పీకర్ కలిపితే స్పీకర్ కాయిల్ కూడా కాలుతుంది. అన్ని జతల్లోనూ అసలేమీ రాకపోతే మాత్రం ఐసీ మీద తీర్పు చెప్పేయకండి. 7388లో అయితే 6, 20 కాళ్లకి బ్యాటరీ కరెంటు వస్తోందా, 4వ కాలుకి ఆన్ అవమనే వోల్టులు అందుతున్నాయా చూడండి. 4వ కాలు సున్నాలో ఉంటే ఐసీకి ఎవరూ పలకమని చెప్పలేదు, తప్పు ముందు ఎక్కడో ఉంది.

25 కాళ్ల ఐసీ మార్చడం మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పను. పాత టీవీలు బాగుచేసిన మెకానిక్ ప్రతి ఊళ్లో ఇంకా ఒకరైనా ఉంటారు, ఆయన దగ్గరికి సెట్టు ఒక్కటే పట్టుకెళ్లి, మీరు కొలిచినవి చెప్పండి. కారు మొత్తం తీసుకెళ్లి "పాడట్లేదు" అనడం కంటే ఇది ఎంతో తేలిక, ఆయనకీ మీకూ. బోర్డు నిజంగానే కాలిపోయి ఉంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అదే మోడల్ పాత సెట్టు దొరుకుతుందేమో అడగండి, కోడ్ ఉన్న సెట్టయితే కోడ్‌తో సహా ఇస్తేనే తీసుకోండి.

తిరిగి పెట్టేటప్పుడు

ఎయిర్‌బ్యాగ్ కప్లర్ ఏదైనా పొరపాటున ఊడి ఉంటే అది పెట్టకుండా కీ తిప్పకండి, డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు వెలిగి ఉండిపోతుంది. సెట్టు తగిలించి, ఫ్రేమ్ ఇంకా పెట్టకుండానే, నాలుగు స్పీకర్లు, ఎఫ్‌ఎం, యూఎస్‌బీ, స్టీరింగ్ బటన్లు ఒక్కొక్కటే చూడండి. అలాగే వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాకా ఒక రౌండ్ వెళ్లి రండి.

ఇంకొకటి, నేను మా కారులో ఆలస్యంగా తెలుసుకున్నది. సెట్టు వెనక నడుమ చిన్న బొడిపె ఉంటుంది, అది డ్యాష్‌బోర్డు లోపలి బ్రాకెట్‌లోని రబ్బరు బుష్‌లో కూర్చోవాలి. మా దాంట్లో ఆ బుష్ ఎప్పుడో ఊడిపోయి కింద పడి ఉంది. వెనక ఆసరా లేక సెట్టు ముందున్న నాలుగు స్క్రూల మీదే వేలాడుతూ ప్రతి గతుకుకీ ఊగేది, సోల్డర్ పగిలింది అందుకే. బుష్ దొరక్కపోతే సైకిల్ ట్యూబ్ ముక్క రెండు మడతలు చుట్టి ఆ బొడిపెకి ఎక్కించండి, సెట్టు లోపలికి నెట్టినప్పుడు గట్టిగా కూర్చున్నట్టు చేతికి తెలియాలి. అప్పుడు స్క్రూలు బిగించండి.